సైలోను పాతర అనొచ్చు: సైన్స్ ఫిక్షన్‌ను తెలుగులోకి తెచ్చేవారికి బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు ప్రచురణకర్తలకు, అనువాదకులకు, ఓటీటీ సిరీస్‌లకు తెలుగు మాటలు రాసేవారికి,

నమస్కారం.

ఈ నాలుగైదేళ్ళలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సిరీస్‌లు వరసగా వచ్చాయి. 2021లో ఫౌండేషన్, 2022లో సెవరెన్స్, ఆండోర్, రింగ్స్ ఆఫ్ పవర్, 2023లో సైలో, 2024 మార్చిలో త్రీ బాడీ ప్రాబ్లమ్, 2025 మేలో మర్డర్‌బాట్, అదే ఏడు నవంబరులో ప్లూరిబస్. వీటిలో సగానికి పైగా నవలల మీద నిలబడ్డవే. వాటిని తెలుగులో చదవాలనీ, తెలుగులో వినాలనీ కోరుకునేవాళ్ళం మేము. అందుకే ఈ ఉత్తరం.

మా మాట ఒక్కటే. ఈ తరహా రచనకు అనువాదం మాటల పట్టికతో మొదలవ్వాలి. కథలో పుట్టిన కొత్త మాటలన్నీ ఏరాలి. ఒక్కోదానికి తెలుగు ఖాయం చేయాలి. ఎవరు ఎవరిని నువ్వు అంటారో, ఎవరిని మీరు అంటారో రాసుకోవాలి. ఆ తర్వాతే మొదటి పేజీ తెరవాలి. మామూలు నవలలో ఒక మాట తప్పితే ఒక వాక్యం చెడుతుంది. ఇక్కడ లోకమే ఆ మాటలతో కట్టింది. మూడో అధ్యాయంలో 'కవచం' అన్నదాన్ని తొమ్మిదో అధ్యాయంలో 'రక్షణ వలయం' అంటే పాఠకుడు రెండు యంత్రాలున్నాయనుకుంటాడు. రెండోది ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూస్తాడు.

మొదట సైలో సంగతి. భూమి లోపలికి 144 అంతస్తులు, అందులో తరతరాలుగా జనం. సైలో అంటే ధాన్యం నిల్వచేసే కట్టడం కాబట్టి చాలామందికి వెంటనే 'గాదె' తోస్తుంది. కానీ గాదె నేలమీద ఉంటుంది. నేలలో తవ్వి ధాన్యం దాచేదానికి మన పల్లెల్లో వేరే మాట ఉంది: పాతర. పాతర వేయడమంటే పూడ్చిపెట్టడం కూడా. ధాన్యపు నిల్వ, భూగర్భం, సజీవ సమాధి, మూడూ ఒక్క మాటలో పలుకుతాయి. ఇంగ్లీషులో లేని లోతు తెలుగులో ఉన్న చోటు ఇది, దీన్ని వదులుకోకండి. మందుపాతర గుర్తొస్తుందని భయం అక్కర్లేదు, ఆ కథకు ఆ భయం కూడా సరిపోతుంది. ఈ సిరీస్‌కు మూలమైన హ్యూ హౌవీ నవల పేరు 'ఊల్'. 2011లో రచయిత తానే వేసుకున్నాడు. ఆ కథలో శిక్షగా బయటికి పంపిన మనిషి, లోపలివాళ్ళు బయటి లోకాన్ని చూసే కెమెరా అద్దాన్ని తుడిచేది ఉన్నితోనే. ఇంగ్లీషులో కళ్ళమీద ఉన్ని కప్పడమంటే మోసం చేయడం కాబట్టి ఆ పేరు రెండువైపులా పని చేస్తుంది. తెలుగులో 'ఉన్ని' అని అట్టమీద వేస్తే కంబళ్ళ పుస్తకమనుకుంటారు. మా సూచన: లోపల తుడిచేది ఉన్నిగానే ఉండనివ్వండి, అట్టమీద 'గంతలు' అనండి.

ఫ్రాంక్ హెర్బర్ట్ నవల డ్యూన్‌లో అన్నిటికన్నా చిక్కు మాట 'స్పైస్'. గుంటూరులో కూర్చుని దాన్ని 'మసాలా' అని రాస్తే చదివేవారికి ధనియాలు, లవంగాలు తప్ప ఇంకోటి కనిపించదు. 'సుగంధద్రవ్యం' అంటే పూజ సామగ్రి. 'దినుసు' అని చూడండి. వంటింటి దినుసూ అదే, మార్కెట్ యార్డులో ధర పలికే దినుసూ అదే. దాల్చినచెక్క వాసన వచ్చే ఒక పదార్థం కోసం గ్రహాలు గ్రహాలే కొట్టుకుచచ్చే కథకు వ్యాపారం ధ్వనించే మాటే కావాలి. కంప్యూటర్‌లా లెక్కలు కట్టే మనిషిని అందులో 'మెంటాట్' అంటారు. దాన్ని అలాగే ఉంచితే మన చెవికి 'మెంటల్' అని వినపడుతుంది, 'గణకుడు' నయం. కానీ ఆ నవలలోని అరబ్బీ మాటల జోలికి మాత్రం వెళ్ళకండి. రాబోయే రక్షకుడికి వాడే మహదీ, లిసాన్ అల్ గైబ్ లాంటివి 1965లో ఫ్రాంక్ హెర్బర్ట్ కావాలని పెట్టినవి. మహదీని 'అవతార పురుషుడు' చేస్తే కథే తలకిందులవుతుంది. రక్షకుడొస్తాడని ఎదురుచూసే జనం చివరికి ఏమవుతారో హెచ్చరించే నవల అది. అవతారమన్న మాట పడగానే మన పాఠకుడు చేతులు జోడిస్తాడు, ఆ హెచ్చరిక వినపడదు.

ఫౌండేషన్‌లో సైకోహిస్టరీని 'మనోచరిత్ర' అని రాయబోయి ఆగండి. ఒక్క అక్షరం మారితే అల్లసాని పెద్దన మనుచరిత్ర. అక్షరదోషమనుకుని ప్రూఫులు చూసేవారే దిద్దేస్తారు. పైగా అందులో మనసూ లేదు, చరిత్రా లేదు, ఉన్నది కోట్లాది జనం నడత మీద లెక్క. ఒక్క మనిషి ఏం చేస్తాడో ఆ శాస్త్రం చెప్పలేదు, గుంపు ఎటు కదులుతుందో చెప్పగలదు. అందుకు 'సమూహగణితం' సరిపోతుంది. ఆఫీసు జ్ఞాపకాలను ఇంటి జ్ఞాపకాల నుంచి తెంచేసే కథ సెవరెన్స్‌కు మన దగ్గర 'తెగతెంపులు' ఉంది. ఉద్యోగమైనా, బంధమైనా, జ్ఞాపకమైనా తెగేది అక్కడే. మర్డర్‌బాట్ అనే కాపలా రోబో కథలో 'గవర్నర్ మాడ్యూల్' వస్తుంది. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ లాంటిదది, రాష్ట్ర గవర్నర్‌తో సంబంధం లేదు. 'అదుపు మాడ్యూల్' అంటే సరి.

ఇంతకన్నా జాగ్రత్త కావాల్సింది త్రీ బాడీ ప్రాబ్లమ్‌కు మూలమైన లియు సిషిన్ మూడు నవలలకు. అందులో ఒక ప్రోటాన్‌ను విప్పి, పరిచి, దానిమీద సర్క్యూట్లు చెక్కి, మళ్ళీ మడిచి వేరే గ్రహంవాళ్ళు భూమి మీదికి పంపుతారు. చైనా భాషలో దాని పేరు, ప్రోటాన్ పేరు ఒకేలా పలుకుతాయి, మొదటి అక్షరం రాత ఒక్కటే మారి తెలివి అన్న అర్థం వస్తుంది. ఇంగ్లీషులో సోఫాన్ అన్నారు. తెలుగులో 'ప్రజ్ఞాన్' బాగుందనిపిస్తుంది, కానీ ఆ పేరు చంద్రయాన్-3 రోవర్‌ది, 2023లో పేపర్లన్నీ రాశాయి. మేము 'మేధాన్' అంటాం. ప్రోటాన్, ఎలక్ట్రాన్ వరసలో కుదురుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. మూడో నవలలో ఆ సోఫాన్ ఒక స్త్రీ రూపంలో మాట్లాడుతుంది. చైనా మూలంలో ఆ అక్షరాలనే జపాన్ అమ్మాయి పేరుగానూ చదవొచ్చు. మేధాన్ అని పెట్టుకుంటే అక్కడ 'మేధ' అని అమ్మాయి పేరు దానంతటదే వస్తుంది. మొదటి భాగం మాత్రమే చదివి మాట ఖాయం చేసినవారికి ఈ దారి దొరకదు. మూడు భాగాలున్న కథకు మూడూ చదివాకే పట్టిక రాయాలి అనడం ఇందుకే.

ఈ మూడింటిలో మొదటి నవలదే మరో చిక్కు, ఏ ప్రతిని అనువదించాలి? 2006లో చెంగ్డూ నుంచి వచ్చే పత్రికలో సీరియల్‌గా వచ్చి, 2008లో పుస్తకమైంది. 2014లో కెన్ లియు ఇంగ్లీషు చేశారు, 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. చైనా పుస్తకంలో మధ్యలో ఉన్న సాంస్కృతిక విప్లవం అధ్యాయాలను ఇంగ్లీషులో మొదటికి తెచ్చారు, రచయిత మొదట అనుకున్న వరస కూడా అదే. ఇంగ్లీషు నుంచి చేస్తే ఆ సంగతి లోపలి పేజీలో ఒక వాక్యంగా రాయండి, అది పాఠకుడికి తెలియాల్సిన విషయం. ఇక్కడ మనకు రెండు సౌకర్యాలున్నాయి. చైనా పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, మనకూ అంతే. కథలోని యె వెన్‌జ్యె అన్న పాత్ర పేరులో 'యె' ఇంటిపేరని ఒకసారి చెబితే మనవాళ్ళు మళ్ళీ అడగరు. రెండోది, బెజవాడలో దశాబ్దాలుగా అచ్చవుతున్న వామపక్ష సాహిత్యం వల్ల సాంస్కృతిక విప్లవం అన్న మాట ఇక్కడ కొత్త కాదు, దానికి పేజీ కింద పెద్ద వివరణ అక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది 'స్ట్రగుల్ సెషన్' దగ్గర. 'పోరాట సభ' అంటే జింఖానా మైదానంలో పార్టీ సభ అనుకుంటారు. మనిషిని వేదిక మీద నిలబెట్టి కొట్టి, తిట్టి, ఒప్పించే సభ అది. 'నిలదీత సభ' అనండి. టీవీ సిరీస్ ఎనిమిది భాగాల్లో కథను ఆక్స్‌ఫర్డ్‌కు తరలించి పరుగెత్తించింది. పరుగు బాగుంది కానీ, నవలలో ఒక్కో చిక్కుముడిని ఓపికగా విప్పే ఇంజనీర్ బుద్ధి అందులో పలచబడిందని మా అభిప్రాయం. ఆ ఓపికను తెలుగు పుస్తకం నిలబెట్టాలి. శాస్త్రం చెప్పే పేజీలను 'కథకు అడ్డం' అని కోసేయకండి, ఈ నవలలో కథ అదే.

ఫాంటసీకి వస్తే, రింగ్స్ ఆఫ్ పవర్‌కు మూలమైన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ అనువాదకుల కోసం స్వయంగా పేర్ల మార్గదర్శిని రాసిపెట్టాడు, అది 1975లో అచ్చయింది. ఇంగ్లీషు అర్థం తెలిసే పేర్లను ఎవరి భాషలోకి వాళ్ళు మార్చుకోండి, మిగతావి ముట్టుకోకండి అన్నది దాని సారం. ఆ కథల్లోని జాతుల్లో ఎల్ఫ్‌ను గంధర్వుడు అంటే వెంటనే ఇంద్రసభ, శాపాలు వచ్చిపడతాయి. ఓర్క్‌ను రాక్షసుడు అంటే ఇంకా తప్పు, మన రాక్షసుల్లో వేదం చదివినవాడూ ఉన్నాడు, తపస్సు చేసినవాడూ ఉన్నాడు. డ్వార్ఫ్‌కు 'మరుగుజ్జు' వాడితే పొట్టిగా పుట్టిన మనుషులను అవమానించినట్టవుతుంది. ఈ మూడింటినీ జాతుల పేర్లుగా అలాగే ఉంచడమే మేలు. ఊళ్ళ పేర్లు, కోటల పేర్లు, ఆయుధాల పేర్లు మాత్రం తెలుగు కావాలి.

అవి ఎలా కట్టాలో వేరే దేశం నుంచి నేర్చుకోనక్కర్లేదు. చందమామను నడిపిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలివాళ్ళు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ళ పేర్లు చూడండి: రాకాసిలోయ, రాతిరథం, కంచుకోట, జ్వాలాద్వీపం. రెండేసి మాటలు, రెండూ పిల్లలకు తెలిసినవే, కలిస్తే ఎప్పుడూ చూడని చోటు. 'రాక్షస ఉపత్యక' అని ఉంటే ఏ పిల్లవాడు చదివేవాడు? మీ పట్టికలో ప్రతి మాటనూ ఈ గీటురాయి మీద రుద్దండి. పదేళ్ళ పిల్లకు వినిపించి, ఏం ఊహించుకుందో అడగండి.

సర్వనామాల దగ్గర తెలుగు వ్యాకరణం మనకు కొన్ని తలుపులు తెరుస్తుంది, కొన్ని మూస్తుంది. మర్డర్‌బాట్‌కు ఆడా మగా లేదు, తనను 'ఇట్' అంటేనే ఇష్టం. మార్తా వెల్స్ కథ అంతా దాని సొంత గొంతులో ఉంటుంది. 'నేను వెళ్ళాను' అన్నప్పుడు తెలుగులో లింగం తెలియదు కాబట్టి ఆ భాగమంతా హాయిగా సాగుతుంది. హిందీలో అలా కాదు, 'జాతా హూఁ', 'జాతీ హూఁ' అని తేల్చాల్సిందే. హిందీ స్క్రిప్టును ముందు పెట్టుకుని తెలుగు చేసేవాళ్ళు హిందీవాళ్ళు చేసిన నిర్ణయాన్ని తెలియకుండానే మోసుకొస్తారు, దయచేసి మూలం నుంచే చేయండి. మిగతా పాత్రలు దాని గురించి మాట్లాడేటప్పుడు 'అది వచ్చింది' అనాలి. కాకపోతే తెలుగులో 'ఆమె వచ్చింది'కీ క్రియ అదే. కర్త లేకుండా 'వచ్చింది' అని వదిలేస్తే వినేవాళ్ళు స్త్రీ అనుకోవచ్చు, అందుకని తొలి భాగాల్లో 'అది' అన్న మాటను మింగేయకండి.

ఆన్ లెకీ రాసిన ఏన్సిలరీ జస్టిస్ (2013)లో దీనికి ఎదురు పరీక్ష ఉంది. కథ చెప్పేవారి భాషలో ఆడ మగ భేదం లేదు, అందరినీ 'షీ' అంటుంది. తెలుగులో అందరినీ 'ఆమె' అనాలి, క్రియ '-ింది' అనే ఉండాలి. సేనాధిపతి కదా అని ఒక్కచోట 'వారు వచ్చారు' అని గౌరవం చూపారంటే ఆ ప్రయోగమంతా పోయినట్టే, ఎందుకంటే మన గౌరవవాచకం ఆడ మగ తేడాను దాచేస్తుంది. గౌరవాన్ని పదవుల పేర్లతోనే చూపించాలి.

ప్లూరిబస్ చూస్తున్నంతసేపూ మాకు తెలుగే గుర్తొచ్చింది. ఆకాశం నుంచి వచ్చిన ఒక సంకేతం వల్ల ప్రపంచమంతా ఒకే మనసైపోతుంది, కొద్దిమంది తప్ప. ఆ కలిసిపోయినవాళ్ళు, కలవకుండా మిగిలిన కేరోల్‌తో ఎప్పుడూ 'వి' అంటారు. ఇంగ్లీషుకు ఒక్క 'వి'యే ఉంది. మనకు రెండున్నాయి: మేము, మనం. నువ్వు లేని మేము, నువ్వూ ఉన్న మనం. ఆ కథ అంతా ఆ రెండు మాటల మధ్య దూరమే! కలిసిపోయినవాళ్ళు ఆమెతో మాట్లాడే ప్రతిచోటా 'మేము' అనాలి. ఆమెను తమలో కలుపుకోవాలన్న ఆశ బయటపడే చోట మాత్రమే 'మనం' రావాలి, వచ్చినప్పుడు వినేవాడికి ఒళ్ళు జలదరించాలి. చేతికొచ్చినట్టు ఒకచోట మేము, ఇంకోచోట మనం రాశారంటే ఇంతటి అవకాశం వృథా. కేరోల్ వైపు నుంచి ఇంకో చిక్కు. ఎదురుగా ఉన్నది ఒక్క శరీరం, లోపల కోట్లాదిమంది. 'మీరు' అంటే గౌరవమా, బహువచనమా? ఆ సందిగ్ధం కథకు మేలే చేస్తుంది, ఉండనివ్వండి. కలిసిపోయినవాళ్ళ తరఫున తన వెంట ఉండే జోసియాను కేరోల్ మొదటిసారి 'నువ్వు' అనే క్షణం ఏదో ముందే గుర్తుపెట్టుకుని, అప్పటిదాకా ఆ మాట రాకుండా కాపాడండి.

అంకెల్లో తప్పులు మరీ ఎక్కువ. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. ఫౌండేషన్ రాసిన అసిమోవ్ కథలో సామ్రాజ్య రాజధాని గ్రహం ట్రాంటర్ జనాభా 40 బిలియన్లు, అంటే 4,000 కోట్లు. సామ్రాజ్యంలో 25 మిలియన్ల గ్రహాలంటే రెండున్నర కోట్లు. తెలుగులో 'నలభై బిలియన్లు' అని వదిలేస్తే చదివేవాడికి ఎంత పెద్దదో తట్టదు. కాంతి సంవత్సరం కాలం కాదు, దూరం. సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. 'నాలుగు కాంతి సంవత్సరాల క్రితం' అని డబ్బింగ్‌లో వినిపిస్తే ఆ సన్నివేశం అక్కడితో చచ్చిపోతుంది. మైళ్ళను కిలోమీటర్లు, ఫారెన్‌హీట్‌ను సెల్సియస్ చేయండి, పాత్ర ఉజ్జాయింపుగా అన్నది ఉజ్జాయింపుగానే ఉంచండి. 'వంద మైళ్ళు'ను '160.9 కిలోమీటర్లు' చేయకండి, నూటఅరవై చాలు.

డబ్బింగ్ రాసేవారికి పెదవుల సంగతి మేము చెప్పాల్సింది లేదు, అయినా ఒక్క మాట. ఇంగ్లీషు మాటలు చాలాచోట్ల హల్లుతో ముగుస్తాయి, వాటిలో కొన్ని పెదవులు మూసి, తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో నోరు తెరిచి ముగుస్తాయి. ముఖం దగ్గరగా చూపే షాట్‌లో వాక్యం చివర నటుడి పెదవులు మూతపడితే సున్నాతో ముగిసే మాట వెతకండి: వెళ్దాం, చూద్దాం, నిజం, మనం. అవి తెలుగులో కొల్లలు. రహస్యం బయటపడే వాక్యాల్లో వరస కూడా కాపాడాలి. 'సంకేతం ఓడలోంచే వచ్చింది' అంటే దెబ్బ మధ్యలో పడిపోతుంది. 'సంకేతం వచ్చింది... ఓడలోంచే' అన్నా చక్కటి తెలుగే, మనం ఇంట్లో అలాగే మాట్లాడతాం.

ఇంకొకటి అడగాలి. గుంటూరు యాస, తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస నవ్వించే పాత్రలకూ, నౌకర్లకూ మాత్రమే పెట్టే అలవాటు మానండి. రింగ్స్ ఆఫ్ పవర్‌లో రాజులకు కాస్త గ్రాంథికం పెడితే అందం, దేశదిమ్మరులైన హార్‌ఫుట్లకు పల్లె మాట పెడితే అదీ అందమే. కానీ వాళ్ళ కన్నీళ్ళకు కూడా అదే యాస ఉండాలి. ఏడ్చేటప్పుడు పుస్తక భాషలోకి మారిపోకూడదు. నిరంకుశ సామ్రాజ్యం నడిచే తీరు చూపే ఆండోర్ లాంటి కథలో ఆఫీసు గదుల్లోని క్రూరత్వానికి బరువైన సంస్కృతం వద్దు. మెమో, సర్క్యులర్, ఫైలు, నోట్ అన్న మాటలే వాడండి. మన కార్యాలయాల్లో జనం మాట్లాడేదీ అదే, భయం పుట్టేదీ అక్కడే. సినిమా పంచ్ డైలాగులు, లేనిచోట 'బ్రో', 'మామా' చేర్చడం ఏ పాత్రకూ మంచిది కాదు.

సబ్‌టైటిళ్ళ లెక్కలో తెలుగుకు అన్యాయం జరుగుతోంది. వరుసకు 42 అక్షరాలు, రెండే వరుసలు అన్నది రోమన్ లిపికి కట్టిన లెక్క. కంప్యూటర్ అక్షరాలను మనలా చూడదు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. ఆ లెక్కన చక్కటి వాక్యం కూడా 'పొడవెక్కువ' అని తిరిగొస్తుంది, రాసినవారు ముఖ్యమైన మాట కోసేస్తారు. సంకేతాల లెక్క కాదు, మనం చూసే అక్షరాల లెక్కే కావాలని పని ఇచ్చేవారిని అడగండి. ఇంకో సాంకేతిక లోపం, 'మర్డర్‌బాట్' లాంటి పేర్లలో పొల్లు తర్వాత కనపడని విభజన గుర్తు ఉంటుంది. ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఆ గుర్తు రాలిపోతే తర్వాతి హల్లు ఒత్తుగా కిందికి జారి పేరు చదవలేని ముద్ద అవుతుంది. చివరి ఫైలును తెరమీద ఒకసారి కళ్ళతో చూడకుండా పంపకండి.

ప్రచురణకర్తలకు అచ్చు గురించి కొంచెం. టైపింగ్ మొదటి రోజునుంచే యూనికోడ్‌లో చేయించండి. పాత పద్ధతి ఫాంట్లలో ఒక మాటను వెతికి 300 పేజీల్లో ఒకేసారి మార్చడం కష్టం, తర్వాత యూనికోడ్‌కు మారిస్తే ఒత్తులు చెదురుతాయి. పట్టిక ఉన్నా అమలు చేయలేని స్థితి అక్కడే వస్తుంది. పైన గుడి, కింద ఒత్తు ఉండే లిపి కాబట్టి వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, ఇంగ్లీషు పుస్తకంకన్నా పేజీలు పెరుగుతాయి. ఫారానికి 16 పేజీల చొప్పున ఖర్చు లెక్కవేసి, పెరిగిన ఫారాలను తగ్గించడానికి అధ్యాయాలు కోయడం కన్నా పుస్తకాన్ని రెండు భాగాలుగా వేయడం న్యాయం. వివరణలు పుస్తకం చివర కాకుండా ఆ పేజీ అడుగునే ఉండాలి. మాటల పట్టిక మాత్రం చివర రెండు పేజీల్లో వేయండి. ఒక్కో మాట పక్కన మూలంలోని మాటను తెలుగు లిపిలో ఇవ్వండి, సిరీస్ చూసి పుస్తకానికి వచ్చినవారు పోల్చుకుంటారు.

ఆ రెండు పేజీలను ఎవరైనా వాడుకోవచ్చని దాని కిందే రాయండి. ఒక ప్రచురణకర్త 'మేధాన్' అన్నదాన్ని ఇంకొకరు 'జ్ఞానకణం' అనకుండా ఉంటారు, డబ్బింగ్ రాసేవారికీ అదే పట్టిక పనికొస్తుంది. జనవరి పుస్తక మహోత్సవంలో ప్రచురణకర్తలు, అనువాదకులు, డబ్బింగ్ రచయితలు ఒకచోట దొరుకుతారు. ఒక సాయంత్రం కూర్చుని ముందుగా వంద మాటలు ఖాయం చేయండి. మేము పైన రాసినవాటిలో ఏది నచ్చకపోయినా కొట్టేసి, అంతకన్నా మంచిది పెట్టండి. పాతర ఒక్కదాన్ని మాత్రం కొట్టేముందు రెండోసారి ఆలోచించండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పాఠకులు